మయసభలో మా మావయ్య

మొన్న వేసవిలో ఏదో పనిమీద ఒక పెద్ద ఆఫీసుకి వెళ్లాను. ఎదురుగా రిసెప్షన్ బల్ల కనిపిస్తోంది కదా అని ధీమాగా నడిచి, మధ్యలో వున్న గాజు తలుపుకి నుదురు ఠంగున కొట్టుకున్నాను. తలుపుని అంత శుభ్రంగా తుడిచారన్నమాట! నొప్పికంటే సిగ్గు ఎక్కువ వేసింది. చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తల కూడా ఎత్తలేదు. సెక్యూరిటీ కుర్రాడు మాత్రం దగ్గరికొచ్చి, "రోజుకి నలుగురైదుగురు కొట్టుకుంటారు మేడమ్, ఏం ఫరవాలేదు" అని ఓదార్చి, అద్దానికి అంటుకుపోయిన నా బొట్టుబిళ్లని గోటితో జాగ్రత్తగా ఊడదీసి చేతికిచ్చాడు. దాన్ని అక్కడే వుంచితే ఆ అయిదో మనిషైనా బతికిపోతాడు కదా బాబూ అందామనుకుని, ఊరుకున్నాను.

ఇంటికొస్తూ దారిపొడుగునా దుర్యోధనుడే గుర్తొచ్చాడు. మయసభలో ఆయనగారికి జరిగింది ఇదే. స్ఫటికపు నేలని చూసి నీళ్లనుకుని బట్టలు ఎత్తిపట్టుకున్నాడు. నీళ్లని చూసి నేలనుకుని మడుగులో పడ్డాడు. ద్వారమనుకుని స్ఫటికానికి తల కొట్టుకున్నాడు. గాజు మేడలో నుదురు వాచినవాళ్లలో మొదటివాడు ఆయనే అయివుంటాడు. కాకపోతే ఆయన్ని చూసి నవ్వడానికి మనుషులున్నారు. ఆ నవ్వు పట్టుకుని ఆయన కురుక్షేత్రం దాకా వెళ్లాడు. మరి నన్ను చూసి నవ్వేవాళ్లే లేరు. ఎవరి మీద పగపట్టను? తలుపు మీదా?

చెప్పొద్దూ, ఈమధ్య నాకు తరచు ఇలాగే వుంటోంది. మేం ఈ పన్నెండో అంతస్తు ఫ్లాటుకి వచ్చి మూడేళ్లయింది. ఇక్కడ వస్తువులు మాట్లాడతాయి. లిఫ్టు అంతస్తు చెబుతుంది. కారు బెల్టు పెట్టుకోమంటుంది. ఫ్రిజ్ తలుపు తీసి ఏం కూర చేద్దామా అని కాస్త ఆలోచిస్తే అది కీచుమని గసురుతుంది. వాషింగ్ మెషీన్ బట్టలుతకడం అయిపోగానే ఒక పాట పాడుతుంది, చరణంతో సహా. గేటు దగ్గరికి మనిషొస్తే ఇంటర్‌కమ్ ఇంకో పాట పాడుతుంది. మాట్లాడనిది పక్క ఫ్లాటువాళ్లు ఒక్కరే. పాపం మంచివాళ్లే, లిఫ్టులో కనిపిస్తే చిరునవ్వు నవ్వి ఫోన్‌లోకి చూసుకుంటారు. నేనూ అంతే, ఒకర్ని అనడం దేనికి? కింద లాబీలో వున్న అరటిచెట్టు ప్లాస్టిక్‌ది. దాన్ని రోజూ తడిగుడ్డతో తుడుస్తారు. మా అమ్మ వచ్చిన కొత్తలో వారంరోజులు దానికి నీళ్లు పోసింది.

ఆ రాత్రి నుదుటికి ఐసుగడ్డ పెట్టుకుని కూచున్నప్పుడు, యూనివర్సిటీ రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేస్తే చూసిన రెండు ఫ్రెంచి సినిమాలు గుర్తొచ్చాయి. తీసినాయన పేరు జాక్ తతి. 1907లో పుట్టి 1982లో పోయిన ఈ పొడుగాటి మనిషి జీవితం మొత్తం మీద తీసిన పెద్ద సినిమాలు ఆరే. అందులో నాలుగింటిలో యులో అనే పాత్ర తనే వేశాడు. పొట్టిగా వున్న పాంటు, వానకోటు, నోట్లో పైపు, చేతిలో గొడుగు, ముందుకి తూలిపోతున్నట్టు ఒక నడక. యులో ఎవరికీ అపకారం తలపెట్టడు. కాని అతను అడుగుపెట్టిన చోట వస్తువులు మాట వినడం మానేస్తాయి.

ఇలాంటి విషయం అనగానే అందరూ చాప్లిన్ పేరు చెబుతారు. 1936లో వచ్చిన 'మోడరన్ టైమ్స్' గొప్ప సినిమా, కాదన్నవాళ్లెవరు? అక్కడ మరలు బిగించీ బిగించీ కార్మికుడికి పిచ్చెక్కుతుంది. అన్నం తినిపించే యంత్రం అతని మూతి పగలగొడుతుంది. పైన తెరమీద యజమాని మొహం కనిపిస్తూనే వుంటుంది. అంటే అక్కడ ఆకలి వుంది, ఆ ఆకలికి బాధ్యుడున్నాడు. తతి లోకంలో ఎవరికీ ఆకలి లేదు. అందరూ మర్యాదస్తులే. తిట్టడానికి ఒక్క విలనైనా దొరకడు. నా గాజు తలుపు సమస్య అచ్చంగా ఇదే కాబట్టి నాకు చాప్లిన్‌కంటే తతి దగ్గరి చుట్టంలా కనిపించాడు. ఇంకో సంగతి కూడా వుంది. ఈ సినిమాల్లో మాటలు చాలా తక్కువ. వున్న మాటలు కూడా సగం గొణుగుడే. అందుకని కింద అక్షరాలు చదవలేని మా అమ్మని కూడా పక్కన కూచోబెట్టుకుని చూడొచ్చు.

ముందు 'మోనోంక్ల్' పెట్టాను. 1958 నాటిది. ఉత్తమ విదేశీ భాషాచిత్రంగా ఆస్కారు కూడా వచ్చింది. ఆ పేరుకి అర్థం 'మా మావయ్య'. ఫ్రెంచి వాళ్లకి బాబాయి అయినా మావయ్య అయినా మాట ఒకటే గాని, కథలో యులో ఆ ఇల్లాలికి అన్నదమ్ముడు కాబట్టి జెరార్ అనే కుర్రాడికి సాక్షాత్తూ మేనమామే. ఆర్పెల్ దంపతులది సరికొత్త ఇల్లు. చూడ్డానికి డబ్బాలు పేర్చినట్టుంటుంది. ముందు గులకరాళ్లు పరిచిన తోట, పలకల మీద మాత్రమే అడుగులు వెయ్యాలి. తోట మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డ లోహపు చేప. గేటు గంట మోగగానే ఇల్లాలు బొత్తాం నొక్కుతుంది, చేప నోట్లోంచి నీళ్లు చిమ్ముతాయి. వచ్చినవాడు తమ్ముడో, సామాన్లు తెచ్చిన కుర్రాడో అయితే టక్కున కట్టేస్తుంది. నీళ్లు గొప్పవాళ్లకే!

ఇక్కడ నేను పడీపడీ నవ్వుతుంటే మా అమ్మకి కోపమొచ్చింది. "ఎందుకే అలా నవ్వుతావు? ఇంటికి మనిషొస్తే మనం మట్టుకు మంచి దుప్పటి పరవమూ? వరండాలో లైటు వెయ్యమూ? ఆవిడ చేపని వదిలింది. ఎవరి ముచ్చట వాళ్లది" అంది. తర్వాత వంటింటి సీను వచ్చింది. తెల్లగా ఆస్పత్రిలా వుండే ఆ వంటింట్లో యులో ఒక్క గిన్నె తీసుకోవడానికి నానా అవస్థ పడతాడు. ప్రపంచంలో ఎవరైనా నవ్వే సీను అది. అమ్మ నవ్వలేదు. "ఆ వంటిల్లు నాకు ఆ రోజుల్లో ఇచ్చివుంటే నా భుజం ఇలా అయ్యేది కాదు" అంది.

పద్నాలుగు మంది వున్న ఉమ్మడి కుటుంబంలో రోజూ రుబ్బురోలు తిప్పిన భుజం అది. ఇప్పటికీ చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రెండు మాటలతో 'మోనోంక్ల్' నా కళ్లముందు కాస్త చిన్నదయిపోయింది. యులో కాపురం వుండే పాతపేటని తతి ఎంత ప్రేమగా చూపిస్తాడో చెప్పలేను. వంకరటింకర మెట్ల ఇల్లు, పైన ఒక గది. యులో కిటికీ రెక్కని కాస్త కదిపితే దాని మీది ఎండ ఎదురింటి పంజరం మీద పడి, అందులోని పిట్ట పాడుతుంది. మళ్లీ మళ్లీ చూడాలనిపించే ఘట్టం. వీధి ఊడ్చే మనిషి చేతిలో చీపురు పట్టుకుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతాడే గాని, ఎదురుగా వున్న చెత్తకుప్పని మాత్రం సినిమా అంతా కదపడు. అందరం నవ్వుతాం. కాని ఆ చెత్త ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎత్తాలి కదా? ఆ ఎవరో ఎవరో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. తతి కెమెరా ఆ పేట వంటిళ్లలోకి వెళ్లదు. కొత్త ఇంట్లో మాత్రం నేరుగా వంటింట్లోకే వెళ్లి, చేతిలో గుడ్డతో కనిపించిన వస్తువునల్లా తుడిచే ఆ ఇల్లాలిని నవ్వులపాలు చేస్తుంది. పాతకాలం బాగుండేదని బెంగపడే పెద్దమనుషులు చాలామంది ఆ కాలంలో బావిలోంచి నీళ్లు తోడినవాళ్లు కారు.

ఇందులో మన 'మాయాబజార్' కూడా గుర్తొచ్చింది. అది 1957 నాటిది, దీనికంటే ఒక్క ఏడాది ముందు. అక్కడా రాత్రికి రాత్రి లేచిన మాయానగరమే. మగపెళ్లివారి విడిదిలో కంబళి, తల్పం లాంటివి కౌరవుల మనుషుల్ని తిప్పి పారేస్తుంటే మనకి మహా ఆనందం. శత్రువులు గదా! ఆర్పెల్ ఇంట్లో కుర్చీలూ తలుపులూ పీడించేది, డబ్బుపోసి వాటిని కొనుక్కున్న వాళ్లనే. కొత్తగా పెట్టించుకున్న గారేజీ తలుపు దానంతటదే మూసుకుపోయి మొగుడూ పెళ్లాం లోపల ఇరుక్కుపోతే, తలుపు తెరిచే కిరణానికి అడ్డంగా నడవమని పనిమనిషిని బతిమాలతారు. ఆ అమ్మాయేమో కరెంటు కొడుతుందని భయం. కె.వి.రెడ్డి గారికి ఈ ఊహ చెబితే ముచ్చటపడేవారని నాకనిపిస్తుంది.

ఆ సినిమా చూసిన మర్నాడే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మా సొంత మేనమామ, అమ్మ తమ్ముడు, నూజివీడు దగ్గర పల్లెటూళ్లో వుంటాడు. హైదరాబాదులో ఎవరిదో పెళ్లికొచ్చి, రాత్రి బస్సుకి ముందు అక్కయ్యని చూసి వెళదామని సంచీనిండా చిన్నరసాలు పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చాడు. మా గేటు దాటాలంటే నా ఫోన్‌కి కబురొస్తుంది, నేను సరే అని నొక్కాలి. ఆ సమయానికి నేను ఒక సాహిత్య సభలో వేదిక మీద వున్నాను. మాట్లాడుతున్న విషయం 'నేటి నవలలో మానవ సంబంధాలు'. ఫోన్ నోరు నొక్కేసి బ్యాగులో పెట్టాను. గేటు దగ్గరి కుర్రాడు మంచివాడే, ఇంటర్‌కమ్ చేశాడు. అది పాట పాడింది. అమ్మ విన్నది. వాషింగ్ మెషీన్ పాట అయిపోతోందనుకుంది. వెళ్లి మెషీన్ చూస్తే ఇంకా తిరుగుతూనే వుంది, సరేలెమ్మని వచ్చి కూచుంది. అమ్మ ఫోన్‌లో చార్జింగ్ లేదు. ముప్పావుగంట రోడ్డు పక్కన నిలబడి, బస్సుకి టైమవుతోందని, పళ్లసంచీ ఆ కుర్రాడి చేతికిచ్చి మావయ్య వెళ్లిపోయాడు.

రాత్రి నేనొచ్చేసరికి ఆ సంచీ పైకొచ్చి వుంది. అమ్మ నన్నేమీ అనలేదు. రెండు రోజులు ఆ పళ్లూ ముట్టుకోలేదు, నాతో మాట్లాడనూ లేదు. ఎవర్ని తప్పుపట్టను? గేటు తన పని తను చేసింది. ఫోన్ నేను చెప్పినట్టే నోరు మూసుకుంది. మెషీన్ అమ్మ భుజం కోసం నేనే కొన్నది.

అమ్మతో మాటలు కలిశాక, మూడు రాత్రులు కొంచెం కొంచెంగా 'ప్లే టైమ్' చూశాం. 1967లో వచ్చిన ఈ సినిమాలో పాతపేట లేదు. బెంగపడటానికి తతి మనకి ఆ ఆసరా కూడా మిగల్చలేదు. విమానాశ్రయంతో మొదలవుతుంది, అది ఆస్పత్రేమో అనుకుంటాం. అందరూ గుసగుసలాడుతుంటారు. అమెరికా నుంచి ఆడవాళ్ల గుంపు పారిస్ చూడ్డానికి వస్తుంది. వాళ్లకి ఐఫెల్ టవరు ఎక్కడ కనిపిస్తుందంటే, ఒక గాజు తలుపు తెరిచినప్పుడు అందులో నీడగా! తలుపు మూస్తే మాయం. ప్రయాణాల ఆఫీసులో గోడల మీద దేశదేశాల పోస్టర్లుంటాయి. ఏ దేశం చూసినా అదే గాజు డబ్బా భవనం.

యులో, జిఫార్ అనే ఆఫీసరుని కలవాలని వస్తాడు. వాకిట్లో వున్న ముసలి బంట్రోతు ఎదురుగా గోడనిండా బొత్తాలూ దీపాలూ. వచ్చిన మనిషి కబురు పైకి పంపడానికి అతను ఒక్కొక్క బొత్తామే భయంభయంగా నొక్కుతాడు, అది ఏవేవో కూతలు కూస్తుంది. నేను పాతికేళ్ల కిందట ఈ సీనుకి నవ్వాను. ఈసారి అమ్మ నా మొహం వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

తర్వాత జిఫార్, యులో ఒకరికోసం ఒకరు వెతుక్కుంటారు. ఎదుటి భవనం అద్దంలో జిఫార్ నీడ చూసి, మనిషి అక్కడున్నాడనుకుని యులో అటు పరుగెడతాడు. అసలు మనిషి వెనకే వున్నాడు! ఆ జిఫారే కాసేపటికి యులోలా కనిపించిన ఇంకెవరినో చూసి ఆత్రంగా వెళ్లి గాజు తలుపుకి ముక్కు చితక్కొట్టుకుంటాడు. (నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను.) అసలు తమాషా ఏమిటంటే వాళ్లిద్దరూ సాయంత్రం వీధిలో, వెతుక్కోవడం మానేశాక, మామూలుగా ఎదురుపడి పని ముగించుకుంటారు.

మధ్యలో ఒక ఫ్లాటు సీను వుంది. వీధివైపు గోడంత అద్దం. కెమెరా బయటే నిలబడుతుంది, లోపలి మాటలు వినపడవు. పక్కపక్క ఫ్లాట్లలో రెండు కుటుంబాలు మధ్యగోడలో పెట్టిన టీవీల వైపు తిరిగి కూచుంటాయి. బయటినుంచి చూస్తే వాళ్లు ఒకరినొకరు కళ్లార్పకుండా చూసుకుంటున్నట్టే వుంటుంది. కాని ఒక గోడ వుంది. ఇది చూశాక నేను మా హాల్లో సోఫా జరిపించాను. ఎందుకని మా ఆయన అడిగితే వెలుతురు కోసం అన్నాను.

ఈ సినిమా వెనక కథ ఒక విషాదం. తనకి కావలసిన పారిస్ ఎక్కడా దొరక్క తతి ఆ నగర శివార్లలో ఒక నగరాన్నే కట్టించాడు. గాజు, ఉక్కు భవనాలు, రోడ్లు, సొంత విద్యుత్కేంద్రం. జనం దాన్ని తతివిల్ అన్నారు. కొన్ని భవనాలు చక్రాల మీద జరిగేవి. దూరంగా నిలబడ్డ మనుషుల్లో కొందరు అట్టముక్కకి అంటించిన ఫోటోలు. కృత్రిమ ప్రపంచాన్ని నిందించడానికి అంతకంటే కృత్రిమమైన ప్రపంచాన్ని సృష్టించాడన్నమాట! 1964లో మొదలైన షూటింగు మూడేళ్లు సాగింది. సినిమా ఆడలేదు. అప్పుల్లో మునిగి, అంతకుముందు తీసిన సినిమాల మీద హక్కులు కూడా పోగొట్టుకున్నాడు. ఆ నగరాన్ని పడగొట్టేశారు.

ఎందుకు ఆడలేదో ఊహించడం కష్టం కాదు. కథ లేదు. దగ్గరగా ఒక్క మొహమైనా చూపించడు. తెరనిండా ఒకేసారి పది సంగతులు జరుగుతుంటాయి, ఎటు చూడాలో మనమే తేల్చుకోవాలి. డెబ్బై మిల్లీమీటర్ల పెద్ద తెరకోసం తీసిన దాన్ని మా టీవీలో చూస్తే సగం నాకు అందలేదు. మొదటి గంట కొంత విసుగు కూడా. ఆ మాట దాచను. కాని మా అమ్మకి నాకంటే ఎక్కువ కనిపించింది. వాకిట్లో కూచుని వీధంతా చూడటం అలవాటైన కళ్లు గదా! రాయల్ గార్డెన్ అనే హోటలు సీనులో, "ఆ చేపకి ఇది మూడోసారే మసాలా చల్లడం! ఎవరికైనా వడ్డించండర్రా" అని అమ్మ అరిస్తే గాని ఆ మూల నేను చూడలేదు.

ఆ హోటలు ఘట్టం కోసమే ఈ సినిమా 'మోనోంక్ల్'ని మించిందంటాను. అప్పుడే తెరిచిన హోటలు, ఇంకా పనివాళ్లు పోనేలేదు. నేలమీది పలక ఒకడి బూటుకి అంటుకుని వస్తుంది. కుర్చీల వీపున వున్న కిరీటం గుర్తు అందరి కోట్ల మీదా అచ్చుపడుతుంది. యులో గాజు తలుపుకి కొట్టుకుంటాడు. ఈసారి మాత్రం బద్దలయ్యేది తలుపే. అప్పుడు ద్వారపాలకుడు ఏం చేస్తాడూ? మిగిలిన ఇత్తడి పిడిని గాలిలో పట్టుకుని, వచ్చినవాళ్లకల్లా లేని తలుపుని వినయంగా తెరుస్తాడు, మూస్తాడు. గొప్పవాళ్లు గొప్పగా నడిచి లోపలికెళతారు. ఇంకాసేపటికి పైకప్పు అలంకారం కూలుతుంది. కూలిన చోటే జనం దగ్గరగా జరిగి కూచుంటారు. అమెరికా అమ్మాయి బార్బరా పియానో వాయిస్తుంది. ఎవరెవరో ఎవరెవరితోనో కబుర్లు చెబుతారు. తెల్లవారుతుంది. ఎవరూ పాతపేటకి వెళ్లలేదు, యంత్రాల్ని తిట్టలేదు. ఆ గాజు లోపలే, అది కాస్త పాడైపోయిన చోట, వాళ్లకి ఒకరికొకరు కనిపించారు. రుబ్బురోలు తిప్పిన మనిషి ముందు నేను సిగ్గుపడకుండా చూడగలిగే బెంగ ఇది.

చివర్లో కార్లన్నీ గుండ్రంగా మెల్లగా తిరుగుతుంటే తిరునాళ్లలో రంగులరాట్నంలా వుంటుంది. అప్పటికి అమ్మ నిద్రపోయింది. నేను టీవీ కట్టేసి దుప్పటి కప్పాను.

పొద్దున కాఫీ తాగుతూ, "ఇంతకీ ఆ పిల్లకి అతను కొన్న కండువా అందిందా?" అని అడిగింది.

"అందిందమ్మా. ఎవరో కుర్రాడి చేత పంపించాడు."

"తనే ఇవ్వొచ్చుగా?"

"బయటికి వచ్చే దారిలో గేటు దగ్గర ఇరుక్కుపోయాడు. ఈలోగా ఆ పిల్ల బస్సు వెళ్లిపోతోందని."

అమ్మ గ్లాసు కింద పెట్టింది. కిటికీ అద్దంలోంచి కిందికి, అంత ఎత్తునుంచి అగ్గిపెట్టెలా కనిపించే మా గేటు వైపు కాసేపు చూసింది.

"మీ మావయ్యకి ఫోన్ కలుపు" అంది.